ఆఖరి పేజీ రిపోర్టు

ఏటా ఆఫీసులో హెల్త్ చెకప్ పెట్టినప్పుడు ఒక తమాషా చూస్తుంటాను. రక్తం ఇవ్వడానికి అందరూ ధైర్యంగానే చెయ్యి చాపుతారు. ఆ తర్వాత నర్సు మూతున్న ప్లాస్టిక్ డబ్బీ చేతిలో పెట్టేసరికి మొహాలు మారిపోతాయి. దాన్ని ఎలా పట్టుకోవాలో తెలీదు, నింపాక ఎవరి కంటా పడకుండా ఎలా తీసుకెళ్ళాలో తెలీదు. పోయినసారి మా టీమ్‌లో ఒకతను ఖాళీ డబ్బీని కిటికీ పక్కన పెట్టేసి వచ్చేశాడు. "రక్తం ఇచ్చాగా, అందులో అన్నీ తెలిసిపోతాయి" అన్నాడు.

రిపోర్టు వచ్చాక కూడా అదే వరస. కొలెస్టరాల్ ఎంత, షుగర్ ఎంత, విటమిన్ డి ఎంత అని లంచ్ దగ్గర పోల్చుకుంటారు. చిట్టచివరి పేజీలో 'రంగు: లేత పసుపు, ప్రోటీన్: నిల్, షుగర్: నిల్, పస్ సెల్స్: 2-3' అని ఒక చిన్న పట్టిక ఉంటుంది. అక్కడిదాకా ఎవరూ స్క్రోల్ చెయ్యరు.

నిజానికి మనిషి తన ఒంట్లో ఏం జరుగుతోందో తెలుసుకోడానికి చదివిన తొలి లాగ్ ఫైళ్ళలో అదొకటి. దాన్ని తప్పుగా చదువుతూ కొన్ని వందల ఏళ్ళు గడిపాడు. సరిగ్గా చదవడం నేర్చుకోడానికి ఇంకో మూడొందల ఏళ్ళు పట్టింది. తీరా చదవడం వచ్చాక మనం ఫైలు తెరవడమే మానేశాం. నా గోలంతా దీని గురించే.

మొదట్లో చదివినవాళ్ళు తక్కువవాళ్ళేం కాదు. మన చరక సంహిత ప్రమేహాలని 20 రకాలుగా విడదీసింది: కఫం వల్ల 10, పిత్తం వల్ల 6, వాతం వల్ల 4. ఒంటికీ మూత్రానికీ చీమలు పట్టడం రాబోయే జబ్బుకి గుర్తు అని కూడా చెప్పింది. 'మధుమేహం' అన్న మాటలోనే విషయమంతా ఉంది. మధు అంటే తేనె, మేహం అంటే మూత్రం. మనం రోజూ వాడే ఈ మాట అసలు ఒక టెస్ట్ రిజల్టు అన్నమాట :) అటు గ్రీకుల్లో, హిప్పోక్రటీస్ పేరు మీదున్న సూత్రాల్లో, మూత్రం పైన బుడగలు తేలితే కిడ్నీ జబ్బు, అదీ ఎక్కువకాలం ఉండేది, అని ఉంది. నురగ వస్తోందంటే ప్రోటీన్ పోతోందేమో చూడమని ఇవాళ్టి డాక్టర్లూ చెబుతారు. అంటే చీమలని చూసినవాడూ, నురగని చూసినవాడూ సరిగ్గానే చూశారు. ఎందుకలా జరుగుతుందో మాత్రం ఇద్దరికీ తెలీదు.

అసలు మూత్రం ఎక్కడ తయారవుతుందన్న దాని మీదే పెద్ద గొడవ ఉండేది. తాగిన నీళ్ళు ఆవిరై మూత్రాశయంలోకి చేరతాయని వాదించినవాళ్ళున్నారు. రెండో శతాబ్దంలో గేలెన్ అనే వైద్యుడు ఈ వాదాన్ని చాలా సింపుల్‌గా తేల్చేశాడు. బతికున్న జంతువులో కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చే నాళాలని దారంతో కట్టేశాడు. మూత్రాశయం ఖాళీగా ఉండిపోయింది, దారానికి పైనున్న నాళాలు ఉబ్బిపోయాయి. దారం విప్పితే మూత్రాశయం నిండింది. సర్వర్ రూములో ఒక్కో కేబులూ పీకి ఏది దేనికి పోతోందో చూసే మన పద్ధతే.

ఆ లెక్కన అక్కణ్ణించి ముందుకే పోవాలి కదా? పోలేదు. మధ్యయుగాల్లో యూరప్‌లో మూత్రం చూడటం ఒక పెద్ద విద్యగా తయారైంది. ఏడో శతాబ్దంలో బైజాంటియమ్‌లో థియోఫిలస్ దీని మీద గ్రంథం రాశాడు. ఆ తర్వాత ఫ్రాన్స్‌కి చెందిన జీల్ ద కార్బే దీన్ని పద్యాల్లో పెట్టాడు, విద్యార్థులు బట్టీ పట్టడానికి వీలుగా. మూత్రాశయం ఆకారంలో ఉండే మటులా అనే గాజు కుప్పె వైద్యుడికి గుర్తైపోయింది. ఇప్పుడు బొమ్మల్లో డాక్టరు మెళ్ళో స్టెతస్కోప్ వేసినట్టు, అప్పటి బొమ్మల్లో వైద్యుడు కుప్పెని వెలుతురుకి ఎత్తి పట్టుకుని ఉంటాడు. దానికి తోడు ఒక చక్రం. చుట్టూ తెలుపు నుంచి నలుపు దాకా 20 రంగులు, ఒక్కో రంగుకీ ఒక్కో అర్థం. కుప్పెలో రంగు చూడు, చక్రంలో వెతుకు, రోగం పేరు చెప్పు.

ఆ రోజుల నాటిదే ఒక కథ ఉంది. బవేరియా ప్రభువుకి నోట్కర్ అనే సన్యాసి వైద్యుణ్ణి పరీక్షించాలని బుద్ధి పుట్టింది. తన మూత్రానికి బదులు ఒక గర్భవతి మూత్రం పంపించాడు. నోట్కర్ అది చూసి తొణక్కుండా, దేవుడు గొప్ప మహిమ చూపించబోతున్నాడు, ప్రభువుగారు ఇంకో ముప్ఫై రోజుల్లో బిడ్డని కంటారు, అన్నాడట. కథ బాగుంది. కాకపోతే ఇలాంటి కథల వల్లే కుప్పె చూస్తే అన్నీ తెలిసిపోతాయన్న నమ్మకం బలపడింది. రోగి రావక్కర్లేదు, మనిషితో కుప్పె పంపిస్తే చాలు. ఆ కుప్పె చూసి జబ్బే కాదు, ఎవరు బతుకుతారో ఎవరు పోతారో కూడా చెప్పేవాళ్ళు బయల్దేరారు. చివరికి 1637లో థామస్ బ్రియన్ అనే ఆయన ఇంగ్లండులో వీళ్ళ బండారం బయటపెడుతూ ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. ఆ పుస్తకం పేరుని తెలుగులో మర్యాదగా చెప్పాలంటే 'మూత్ర జోస్యుడు'. అసలు పేరు అంత మర్యాదగా ఉండదు లెండి.

వాళ్ళు మూత్రాన్ని నమ్మారు చూడండి, అది తప్పు కాదు. మనిషిని చూడకుండా మూత్రాన్ని చదివారు, అదీ తప్పు. ఏ రంగు తెచ్చినా చక్రంలో ఒక జవాబు ఉంది, 'తెలీదు' అన్న గడి మాత్రం లేదు. ఏ ఇన్‌పుట్ ఇచ్చినా ఎర్రర్ రాకుండా ఏదో ఒక అవుట్‌పుట్ ఇచ్చే ప్రోగ్రామ్‌ని మనం నమ్ముతామా? ఇవాళ రిపోర్టు ఫొటో తీసి చాట్‌బాట్‌కి పంపి, వయసూ, వాడే మందులూ ఏమీ చెప్పకుండా "నాకేం జబ్బు" అని అడిగేవాళ్ళని చూస్తే నాకా మటులా కుప్పెలే గుర్తొస్తాయి.

దారి మారింది మాత్రం ఒక దురాశ వల్ల. 1669లో హాంబర్గ్‌లో హెనిగ్ బ్రాండ్ అనే రసవాది, మూత్రం బంగారం రంగులో ఉంది కాబట్టి అందులోంచి బంగారం తియ్యొచ్చేమో అనుకున్నాడు. బకెట్ల కొద్దీ మూత్రం పోగుచేసి, కుళ్ళబెట్టి, మరగబెట్టి, ముద్దయ్యాక గట్టిగా కాల్చాడు. చుట్టుపక్కల వాళ్ళు ఎలా భరించారో ఆ దేవుడికే తెలియాలి. బంగారం రాలేదు. చీకట్లో వెలిగే తెల్లటి పదార్థం వచ్చింది. అదే ఫాస్ఫరస్. రంగు చూసి అర్థం ఊహించడం మానేసి, లోపల నిజంగా ఏముందో బయటికి తీసి చూడొచ్చని ఆ కంపు కొట్టే ప్రయోగం చూపించింది.

(ఇంతకీ ఆ పసుపు బంగారం వల్ల కాదు. చచ్చిపోయిన ఎర్రకణాల వ్యర్థం పేగుల్లో బ్యాక్టీరియా చేతిలో పడి, చివరికి యూరోబిలిన్ అనే రంగుగా మారి మూత్రంలోకి వస్తుంది. ఆ మార్పులో కీలకమైన మెట్టు ఎక్కించే బ్యాక్టీరియా ఎంజైమ్ ఏదో 2024లో గానీ బయటపడలేదు. రంగు చూసి అన్నీ చెప్పేసినవాళ్ళకి ఆ రంగు ఎక్కణ్ణించి వచ్చిందో తెలీదన్నమాట.)

ఆ తర్వాత వరసగా వచ్చారు. 1674లో ఇంగ్లండులో థామస్ విల్లిస్ షుగర్ రోగుల మూత్రం రుచి చూసి తియ్యగా ఉందని రాశాడు. మనవాళ్ళు చీమలకి వదిలేసిన పని ఆయన స్వయంగా చేశాడు :) 1776లో లివర్‌పూల్‌లో మాథ్యూ డాబ్సన్ ఇంకో అడుగు వేశాడు. ఆయన రోగుల్లో ఒకతను రోజుకి 28 పైంట్ల మూత్రం పోసేవాడు, అంటే పది లీటర్ల పైమాటే. డాబ్సన్ ఆ మూత్రాన్ని ఇంకించి చూస్తే అడుగున చక్కెర మిగిలింది. రోగి రక్తంలోని సీరం కూడా తియ్యగానే ఉందని గమనించాడు. ఇది చాలా పెద్ద విషయం. చక్కెర కిడ్నీలో పుట్టడం లేదు, రక్తంలోనే ఎక్కువై పొంగి పొర్లుతోంది. ఎర్రర్ కనిపించిన చోటే బగ్ ఉండాలని లేదని మనం జూనియర్లకి చెబుతుంటామే, అదే.

1827లో లండన్ గైస్ హాస్పిటల్ డాక్టరు రిచర్డ్ బ్రైట్ ఇంకో ముడి విప్పాడు. ఒళ్ళంతా నీరు పట్టి ఉబ్బిపోయిన రోగుల మూత్రాన్ని చెంచాలో పోసి కొవ్వొత్తి మీద వేడి చేస్తే, ఉడికిన గుడ్డు తెల్లసొనలా గడ్డకట్టింది. అది ఆల్బుమిన్, ప్రోటీన్. వాళ్ళు చనిపోయాక కోసి చూస్తే కిడ్నీలు పాడై ఉన్నాయి. వాచిన ఒళ్ళు, గడ్డకట్టే మూత్రం, పాడైన కిడ్నీ: ఈ మూడూ ఒకే జబ్బు అని తేల్చినవాడు ఆయన. కుప్పె వాళ్ళకీ బ్రైట్‌కీ తేడా ఇక్కడే. ఆయన మూత్రాన్నీ చూశాడు, మంచం మీది మనిషినీ చూశాడు, చివరికి కిడ్నీనీ చూశాడు. మరుసటి ఏడాదే, 1828లో, వోలర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త మూత్రంలో ఉండే యూరియాని ల్యాబ్‌లో తయారుచేశాడు. ఏ కిడ్నీ సాయమూ లేకుండా యూరియా చెయ్యగలిగానని తన గురువు బెర్జీలియస్‌కి సంబరంగా ఉత్తరం రాశాడు.

ఇంతా అయ్యాక కూడా కిడ్నీ లోపల ఏం జరుగుతోందో తెలీదు. 1666లో మాల్పీగీ మైక్రోస్కోపులో చిన్న చిన్న రక్తనాళాల ఉండలు చూశాడు. 1842లో బౌమన్ ఆ ఉండలకి సన్నటి గొట్టాలు తగిలించి ఉన్నాయని చూపించాడు. స్కూల్లో 'బౌమన్ గుళిక' అని బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాం, ఆ బౌమనే. ఇంచుమించు అదే రోజుల్లో లూడ్విగ్ అనే ఆయన, అక్కడ రక్తం వడపోతకి గురవుతుందని, ఆ తర్వాత గొట్టాల్లో నీళ్ళు వెనక్కి పోతాయని ఊహించాడు. దానికి రుజువు 1924లో దొరికింది. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో రిచర్డ్స్, వెర్న్ అనే ఇద్దరు, వెంట్రుకలాంటి గాజు సూదిని కప్ప కిడ్నీలో ఒక్క గుళికలోకి గుచ్చి, అందులోంచి చుక్క ద్రవం లాగారు. దాంట్లో చక్కెర ఉంది. అదే కప్ప మూత్రాశయంలో చూస్తే చక్కెర లేదు. అంటే మధ్యదారిలో ఎవరో వెనక్కి తీసుకుంటున్నారు!

ఈ డిజైన్ చూస్తే నాకు మతి పోతుంది. ఒక్కో కిడ్నీలో దాదాపు పది లక్షల నెఫ్రాన్లు. గుండె పంపే రక్తంలో అయిదో వంతు వీటికే పోతుంది. రోజుకి సుమారు 180 లీటర్ల ద్రవం వడపోతలో బయటికి వస్తుంది. అందులో మనం పోసేది ఒకటిన్నర, రెండు లీటర్లు. మిగతాదంతా వెనక్కే. చక్కెర సంగతే తీసుకోండి, రోజుకి 180 గ్రాముల దాకా బయటికి వచ్చి మొత్తం వెనక్కి పోతుంది. చెత్తని ఏరి పారేసే పద్ధతి కాదిది. ముందు చిన్నవన్నీ బయట పడేసి, కావలసినవి మాత్రం లిస్టు చూసుకుని వెనక్కి తెచ్చుకునే పద్ధతి. ఫైర్‌వాల్‌లో అన్నీ బ్లాక్ చేసి, తెలిసినవాటినే లోపలికి రానిచ్చినట్టు. మన పూర్వీకులు ఎన్నడూ చూడని కొత్త విషం ఒంట్లోకి వచ్చినా, లిస్టులో లేదు కాబట్టి చాలావరకు అదంతటదే బయటికి పోయే అవకాశం ఉంటుంది. చెత్త లిస్టు రాసి పెట్టుకుని ఉంటే ఏనాడో చచ్చేవాళ్ళం.

డిజైన్ తెలిశాకే ఆఖరి పేజీ అర్థమవుతుంది. చక్కెర కనబడిందంటే రక్తంలో షుగర్ 180 మిల్లీగ్రాములు దాటి, వెనక్కి తెచ్చే పంపులు చాలడం లేదని అర్థం. అందుకే షుగర్ ఉన్నా 180 దాటనివాడి మూత్రంలో 'నిల్' అనే వస్తుంది, అది చూసి నిశ్చింతగా ఉండకూడదు. ఇంకో తమాషా, ఇప్పుడు షుగరుకీ, కిడ్నీ జబ్బుకీ వాడే డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులు ఆ పంపుల్నే కావాలని ఆపేస్తాయి. ఆ మందు వాడేవాళ్ళ మూత్రంలో చక్కెర నిండా ఉంటుంది, మందు పనిచేస్తోందనడానికి అదే గుర్తు! అదే లాగ్, అదే లైను, అర్థం మాత్రం తలకిందులు. మనిషిని అడక్కుండా చదివితే ఏమవుతుందో దీన్నిబట్టి చూడండి.

ఇక్కడ మన భీమవరం వస్తుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో అమెరికా చేరి, హార్వర్డ్ మెడికల్ స్కూల్లో సైరస్ ఫిస్క్ దగ్గర పనిచేశాడు. 1925లో వాళ్ళిద్దరూ రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ ఎంతుందో నీలిరంగు గాఢతని బట్టి కొలిచే పద్ధతి ప్రచురించారు. బ్రాండ్ బకెట్లు మరగబెట్టి తీసిన ఫాస్ఫరస్‌ని 256 ఏళ్ళ తర్వాత ఒక తెలుగువాడు కాసిని చుక్కల్లో కొలిచి చూపించాడు. మళ్ళీ రంగే చూడండి, కానీ ఈసారి అర్థం ఊహించింది కాదు, లెక్కగట్టింది. ఆ పద్ధతి చేతిలో ఉండబట్టే 1927లో వాళ్ళకి కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ కండరంలో రోజూ కాస్త కాస్త విరిగి క్రియాటినిన్ అవుతాయి, కిడ్నీలు దాన్ని వడపోసి బయటికి పంపుతాయి. మీ రిపోర్టులో 'సీరం క్రియాటినిన్ 0.9' అని ఉంటుంది చూడండి, దాని వంశవృక్షంలో మన సుబ్బారావుగారి పేరుంది. టెట్రాసైక్లిన్, మెథోట్రెక్సేట్ అని ఆయన్ని తలుచుకుంటాం గానీ, ఈ సంగతి ఎవరూ చెప్పగా నేను వినలేదు.

కానీ క్రియాటినిన్‌తో ఒక చిక్కుంది. కిడ్నీల పని దాదాపు సగం పోయేదాకా అది నార్మల్ గీతల మధ్యే ఉండొచ్చు. లోడ్ బ్యాలన్సర్ వెనకాల సగం సర్వర్లు పడిపోయినా వెబ్‌సైట్ నడుస్తూనే ఉన్నట్టు. "రక్తం ఇచ్చాగా" అన్న మా టీమ్ కుర్రాడికి నా జవాబు ఇదే. రక్తం ఆలస్యంగా చెప్పే సంగతి కొన్ని జబ్బుల్లో మూత్రం ఏళ్ళ ముందే చెబుతుంది.

ఆ చెప్పించుకోవడం కూడా ఇప్పుడెంతో తేలిక. ఇంటర్, డిగ్రీ ల్యాబుల్లో నీలంగా ఉన్న బెనెడిక్ట్ ద్రావణం ఇటుక రంగుకి మారేదాకా వేడి చేసినవాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం. ఒకప్పుడు షుగర్ రోగులూ అదే చేసేవాళ్ళు. 1956లో అమెరికాలో ఆల్ఫ్రెడ్ ఫ్రీ, హెలెన్ ఫ్రీ దంపతులు ముంచి తీస్తే రంగు మారే కాగితప్పట్టీ తెచ్చారు. స్పిరిట్ లాంపు, టెస్ట్ ట్యూబు గొడవ పోయింది. 1963లో, బ్రైట్ పనిచేసిన అదే గైస్ హాస్పిటల్‌లో, హ్యారీ కీన్ బృందం పట్టీకి కూడా అందనంత తక్కువ ఆల్బుమిన్‌ని కొలిచే పద్ధతి చెప్పింది. షుగర్ రోగుల్లో ఆ కొద్దిపాటి లీకే రాబోయే కిడ్నీ జబ్బుకి ముందస్తు గుర్తని 1982కల్లా తేలింది. దాన్నే ఇప్పుడు ల్యాబుల్లో ఏసీఆర్ అంటారు. గ్రాము క్రియాటినిన్‌కి ఎన్ని మిల్లీగ్రాముల ఆల్బుమిన్ ఉందన్న లెక్క. 30 దాటితే, అదీ మూడు నెలల పాటు దాటుతూనే ఉంటే, పట్టించుకోవాలి. జ్వరం వచ్చినా, ముందురోజు జిమ్‌లో ఒళ్ళు హూనం చేసుకున్నా కొద్దిసేపు పెరుగుతుంది, కంగారుపడక్కర్లేదు. లీకు అప్పుడే తెలిస్తే బీపీ, షుగరూ అదుపులో పెట్టి, తగిన మందులు వాడి కిడ్నీలు పాడవడాన్ని బాగా నెమ్మది చెయ్యొచ్చు. పదేళ్ళ తర్వాత తెలిస్తే వారానికి మూడుసార్లు డయాలిసిస్ కుర్చీ.

ఇంత చెప్పి, మూత్రం అన్నీ చెప్పేస్తుందని ముగిస్తే నేనూ మూత్ర జోస్యుణ్ణే అవుతాను. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఉంది కదా. ఉద్యానం అన్న మాట నుంచే ఆ పేరొచ్చిందంటారు, కొబ్బరి, జీడితోటల సీమ. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు ఊళ్ళలో షుగరూ బీపీ లేనివాళ్ళకి కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, మధ్య అమెరికా చెరుకుతోటల్లో కూడా ఇలాంటి జబ్బే ఉంది. ఇక్కడ దెబ్బ తినేది ముందుగా వడపోత ఉండలు కాదు, గొట్టాలు, వాటి చుట్టూ ఉన్న కణజాలం. అందుకని చాలామందిలో ప్రోటీన్ పెద్దగా పోదు. పట్టీ ముంచితే శుభ్రంగా 'నిల్' అని వస్తుంది, లోపల కిడ్నీ మాత్రం ఎండిపోతూ ఉంటుంది. నీళ్ళా, ఎండలో చాకిరీయా, పురుగుమందులా, మరోటా, ఇన్నేళ్ళు వెతికినా కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం మొదలయ్యాయి. మంచిదే. కానీ అక్కడ ఇంకా ఒక రిచర్డ్ బ్రైట్ పని మిగిలే ఉంది. మూత్రాన్నీ, రక్తాన్నీ, ఆ మనిషి తాగే నీళ్ళనీ, చేసే పనినీ పక్కపక్కన పెట్టి ఏళ్ళ తరబడి చూసే పని.

కాబట్టి లాగ్‌లో ఎర్రర్ లేదంటే సిస్టమ్ బాగున్నట్టు కాదు. మనం అడిగిన ప్రశ్నకి అది జవాబు చెప్పిందంతే. అలాగని అసలు లాగే చూడనివాణ్ణి ఏమనాలి? బీపీ గానీ షుగర్ గానీ ఉంటే, క్రియాటినిన్‌తో పాటు ఏడాదికోసారి ఏసీఆర్ కూడా రాయమని మీ డాక్టర్ని అడగండి. మన వయసువాళ్ళకి ఇది ఎంత అవసరమో, ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకి అంతకన్నా ఎక్కువ అవసరం. ఉద్దానం వైపు చుట్టాలుంటే పట్టీ ఒక్కటే నమ్ముకోవద్దని చెప్పండి, వాళ్ళకి రక్తంలో క్రియాటినిన్ చూడాల్సిందే.

మా టీమ్ కుర్రాడికి ఇదంతా చెప్పాను. "అయితే ఈసారి డబ్బీ నింపుతానండీ, కానీ దాన్ని మీరే పట్టుకెళ్ళి ఇవ్వాలి" అన్నాడు. సరే అన్నాను. విల్లిస్ చేసిన పనితో పోలిస్తే అదెంత :)